ఎడమ సీటు

నేను ఒక పంపు స్టవ్వుని. నన్ను కారు ముందు సీట్లో కూర్చోబెట్టాలా, వెనక డిక్కీలో పడెయ్యాలా అన్న గొడవ ఆ రోజు కాఫీల దగ్గర మొదలై, ఇడ్లీలు అయిపోయి, పనిమనిషి గిన్నెలు కడిగి వెళ్ళిపోయాక కూడా తెమలలేదు. నేను హాల్లో పాత పేపరు మీద, కడుపునిండా నూనెతో కూర్చుని వింటున్నాను.

"మనుషులు కూర్చునే సీట్లో కిరసనాయిలు స్టవ్వేంటి హైమా? పైగా దానికి బెల్టొకటి. దారిలో ఎవడైనా చూస్తే ఏమనుకుంటాడు?" అన్నాడు సత్యంనాయుడు.

"డిక్కీలో పెడితే గతుకులకి పడిపోయి కారుతుందండీ. నిరుడు బియ్యం సంచీలోకి కారింది. తిరిగినన్నాళ్ళూ కిరసనాయిలు అన్నమే తిన్నాను," అంది ఆయన భార్య హైమావతి.

"అయితే చిన్న గ్యాసు బండ పట్టుకెళ్ళు."

"అది అయిపోతే సాలూరు దాటాక నింపేవాళ్ళెవరు?"

"సాలూరు దాటడమెందుకు? అక్కడేటి, తీర్థం జరుగుతోందా?" అంది పైడమ్మ. ఆవిడ సత్యంనాయుడికి అక్క. ఇల్లు వెనక వీధిలోనే అయినా రోజూ పొద్దుటి కాఫీ ఇక్కడే. "నేను ఎవరితోటీ అనడం లేదు. గోడతోటి అంటున్నాను."

"గోడ అటుంది అత్తా. నువ్వు అమ్మకేసి చూసి అంటున్నావు," అంది హైమావతి కూతురు లలిత, కాలేజీలో పాఠం చెప్పడానికి వెళ్ళబోతూ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

పైడమ్మ హైమావతితో మాటలు మానేసి అప్పటికి చాలా రోజులైంది. మాటలు మానేసింది గానీ ఇంటికి రావడం మానలేదు, కాఫీ మానలేదు, సలహాలూ మానలేదు. అన్నీ గోడకి చెప్పుకుంటుంది. మనుషుల అలకలో ఉన్న ఈ వెసులుబాటు చూస్తే నాకు అసూయ. నేను అలిగితే నిపుల్ కన్నం మూసుకుపోతుంది, అంతే. ఎవరైనా పిన్ను పెట్టి పొడిచేదాకా గోడతో కూడా మాట్లాడలేను.

చివరికి హైమావతి నన్ను చంకనెత్తుకుని వెళ్ళి డ్రైవరు పక్కన ఎడమ సీట్లో కూర్చోబెట్టింది. బెల్టు లాగి నా నడుం చుట్టూ తిప్పింది. కిటికీలోంచి సత్యంనాయుడు తల లోపలికి పెట్టి, "రోజుకోసారైనా ఎక్కడో ఓ చోట ఫోన్ చెయ్యి," అన్నాడు. కోపంగానే అన్నాడు. ఆ కోపానికి కింద భయం ఉందని నాకు తెలిసింది. మంట రంగు చూసి నూనెలో నీళ్ళున్నాయో లేదో చెప్పగలిగేదాన్ని, ఆ మాత్రం తెలియదా.

నా సంగతి కాస్త చెప్పుకోవాలి. నేను అచ్చ ఇత్తడిదాన్ని. కార్ఖానాలో నా కడుపు సాగగొట్టి, పంపు బిగించి, తోలు వాషరుకి నూనె రాసి, మొదటిసారి వెలిగించి చూసిన మేస్త్రీ "దీనికి గొంతు పెద్దది" అన్నాడు. అది మెచ్చుకోలో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు. నన్ను మొదట కొన్నది రోడ్లు వేయించే ఓవర్సీరు. నా చిన్నతనమంతా రోడ్ల పక్కన డేరాల్లో గడిచింది. ఆయన వానలో కూడా ఉడకబెట్టిన గుడ్లు తినేవాడు, లోకంలో ఇంకేమీ వండటం రాదు కాబట్టి. పెళ్ళయ్యాక ఆయన భార్య నా హోరు విని పేలిపోతానేమోనని హడలిపోయి, నన్ను కోర్టు ఎదురుగా టీ కొట్టుకి ఇప్పించేసింది. అక్కడ పొద్దస్తమానం వాయిదాల మనుషులకి టీలు కాచాను. వాయిదా పడిన రోజున మనిషి టీలో చక్కెర ఎక్కువేయమంటాడని అక్కడే తెలుసుకున్నాను. ఆ కొట్టు ఎత్తేసినప్పుడు సత్యంనాయుడి తల్లి నన్ను విజయనగరంలోని ఈ ఇంటికి తెచ్చుకుంది.

ఇక్కడికి వచ్చాకే నా గొంతు విలువ తెలిసింది. నేను మండుతున్నంతసేపూ వంటింట్లో ఏం మాట్లాడుకున్నా హాల్లో కూర్చున్న మగవాళ్ళకి వినిపించదు. ఈ ఇంటి ఆడవాళ్ళు చెప్పుకోవాల్సినవన్నీ నా హోరు చాటునే చెప్పుకున్నారు. అత్తగారు మంచాన పడ్డ ఏళ్ళలో హైమావతి చెప్పుకోడానికి కూడా ఎవరూ లేక, నన్ను వెలిగించి, నా ఎదురుగా కూర్చుని కాసేపు ఊరికే ఏడ్చి, మొహం కడుక్కుని వెళ్ళేది. పైడమ్మ రోజూ వచ్చి తల్లి మంచం పక్కన కూర్చుని, దుప్పటి ఎలా మార్చాలో చెప్పి, మార్చే వేళకి లేచి వెళ్ళిపోయేది.

ఆ అత్తగారు పోయి కర్మకాండలు అయిన మర్నాడు, హైమావతి కూరగాయలకని కారు తీసి మర్నాటికి గానీ ఇల్లు చేరలేదు. ఎక్కడికి వెళ్ళావంటే, "దారి బాగుంది, వెళ్ళాను," అంది. ఇల్లంతా గోలెత్తిపోయింది. ఆ తర్వాత ఏటా చలికాలంలో అనుమతితోనే వెళ్ళడం మొదలుపెట్టింది. ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరు ఆమె. సెలవు పెట్టి, లారీ టార్పాలిన్‌తో కుట్టించుకున్న గుడారం, కెమెరా, రీళ్ళు, నేను, అంతే సామాను. పెద్ద రోడ్డు ఎక్కదు. కొండల కింద నుంచి పోయే మట్టిదారులే పట్టుకుంటుంది. ఎవరైనా ఫొటోలంటే కొండల్నో జలపాతాల్నో తీస్తారు. ఆమె దారి పక్కన ఎవరో వండుకుని వదిలేసి వెళ్ళిన మూడు రాళ్ళ పొయ్యిల్ని తీస్తుంది. మసి పట్టిన రాళ్ళు, ఆరిపోయిన బొగ్గులు, ఒక్కోసారి పక్కన ఉల్లిపొట్టు. ఇంట్లోవాళ్ళు ఆ ఫొటోలు చూసి ఏమనాలో తెలియక ఆల్బం మూసేసేవారు. నాకు మాత్రం అవి నా చుట్టాల ఫొటోల్లా ఉండేవి. కాస్త పల్లెటూరి చుట్టాలు.

ఏడాదంతా ఆమె బతికేది ఆ కాసిని రోజుల కోసం. మిగతా రోజులన్నీ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అందించడంలో అయిపోతాయి.

ఇక ఆ ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి. హైమావతికి ఎడమవైపు చూపు పోతోంది. ఆమెకే తెలియదు, నాకు తెలుసు. గ్యాసు బండ అయిపోయినప్పుడల్లా నన్నే కదా అటక మీంచి దింపుతారు. నా కప్పులో స్పిరిట్ పోసి అగ్గిపుల్ల పెట్టేటప్పుడు ఆమె చెయ్యి కప్పుకి ఎడంగా గాలిలో తచ్చాడేది. ఎడమవైపు పెట్టిన గరిటె కోసం కుడివైపంతా వెతికేది. ఒకరోజు ఎడమవైపు కొంగు అంటుకోబోయింది, లలిత అరిస్తే గానీ చూసుకోలేదు. "పరధ్యానం ఎక్కువైపోయింది నాకు," అని నవ్వింది. నెమ్మదిగా పోయే చూపు తలుపు చప్పుడు చేసి పోదు. మిగిలిన కన్ను పని కప్పిపుచ్చుకుంటూ వస్తుంది. ఫొటో తీసేటప్పుడు ఆమె ఎడమ కన్ను మూసే ఉంచుతుంది కాబట్టి ఫొటోలు కూడా బాగానే వచ్చేవి.

పైడమ్మ అలక అందులోంచే పుట్టింది. ఈ ఇంట్లో పండగైనా సంవత్సరీకమైనా హాల్లో చాపలు పరిచి వరసగా కూర్చునే తింటారు. పెద్దది కాబట్టి పైడమ్మది వరస మొదట్లో, వీధి తలుపు వైపు, వంటింట్లోంచి వచ్చేవాళ్ళకి ఎడమచేతి వైపు ఆకు. వినాయక చవితి నాడు హైమావతి బూరెల పళ్ళెంతో వచ్చి ఆ ఆకు దాటేసి రెండో ఆకు నుంచి వడ్డించుకుంటూ పోయింది. అత్తగారి సంవత్సరీకం నాడు మళ్ళీ అదే జరిగింది. ఈసారి బంధువులందరి ఎదుట. పైడమ్మ ఖాళీ ఆకు ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. ఎవరో "అమ్మా హైమా, పైడమ్మకి..." అనేలోపే ఆవిడ ఆకు మడిచి లేచిపోయింది.

"మర్చిపోయిందంటే ఒకసారి మర్చిపోతుంది. రెండుసార్లూ నా ఆకేనా? మా అమ్మ తద్దినం నాడు నన్ను పస్తు పంపించింది," అని ఆవిడ వీధంతా చెప్పింది. వీధి నమ్మింది. సత్యంనాయుడూ నమ్మాడు. చివరికి హైమావతీ నమ్మింది. అదే నేను భరించలేకపోయాను. ఒకరోజు నన్ను వెలిగించి నా హోరు చాటున లలితతో, "ఆవిడ కనిపించలేదే అంటే ఎవరు నమ్ముతారే? నాకే నమ్మకం లేదు. దుప్పట్లు మార్చేటప్పుడు ఆవిడ మీద ఎంత మంట పుట్టేదో నాకు తెలుసు. ఆ విషమే లోపల ఉండి చేయిస్తోందేమో," అంది. కంటి జబ్బుని మనసు జబ్బనుకుని, ఆ మనసుని చీదరించుకుంటూ ఆ ఏడు ప్రయాణం కట్టింది.

అలా నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. ఆమె చూడలేనిదంతా నా వైపే ఉంది.

సాలూరు దాటి తారురోడ్డు వదిలాక మొదటి రోజు ఎలా గడిచిందో నాకు తలచుకోబుద్ధి కాదు. ఆమె మాత్రం హాయిగా ఉంది. ఏదో పాట కూనిరాగం తీస్తూ, పొయ్యి రాళ్ళు కనిపిస్తే ఆగుతూ, ఫొటోలు తీసుకుంటూ నడిపింది. నా వైపు నుంచి ఒక సైకిలు చెరకు మోపుతో సహా పొలంలోకి దూకేసింది. ఒక గేదె తోక కారు తలుపుని రాసుకుంది. కల్వర్టు రాయి తగిలి అద్దం వెనక్కి మడత పడిపోయింది. సాయంత్రం ఒక బడి ఆవరణలో గుడారం వేసుకోబోతూ ఆ అద్దం చూసి, "ఇదెప్పుడు తగిలింది?" అంది నాతో. నేను అప్పుడు ఆరిపోయి ఉన్నాను. వెలుగుతున్నా నాకు వచ్చేది ఒక్కటే శబ్దం. ఆ శబ్దంతో 'నీ ఎడమ కన్ను పోయింది తల్లీ, తిరిగి వెళ్ళిపో' అని ఎలా చెప్పను? ఆ రాత్రి ఉప్మాకి మంట ఎర్రగా మండాను, పొగ వదిలాను. ఆమె పిన్నుతో రెండుసార్లు పొడిచి, "నీకేమైందే ఇవాళ," అని విసుక్కుంది.

రెండో రోజు మధ్యాహ్నం కొండ కింద జీడివలస అనే ఊళ్ళోకి వచ్చాం. అక్కడ ఉలవ పంట కోసి, ఎండిన మొక్కలు రోడ్డు అడ్డంగా పరుస్తారు. పోయే బళ్ళూ జీపులూ తొక్కుతాయి, కాయ పగిలి గింజ రాలుతుంది, వీళ్ళు తూర్పారబట్టుకుంటారు. తొక్కించడానికి ఎడ్లు అక్కర్లేదు. కారు చూడగానే ఆడవాళ్ళు పక్కకి తప్పుకుని, "రా అమ్మా రా, తొక్కించు!" అని చేతులు ఊపారు. హైమావతికి సరదా వేసింది. చక్రాల కింద కరకరలాడుతుంటే నవ్వుతూ నడిపింది. నా వైపు, ఉలవ కుప్ప నీడలో ఒక చేట ఉంది. చేటలో మెత్తగా మడత పెట్టిన పాత చీర ఉంది. పసిబిడ్డల్ని ఆ ఊళ్ళో అలాగే పడుకోబెడతారు. నేను చూశాను. చక్రం దాని మీదకే పోతోంది.

వెదురు విరిగిన చప్పుడు. దాని వెనకే ఒక ఆడమనిషి కేక.

హైమావతి బ్రేకు తొక్కి, తలుపు తెరిచి, నా వైపుకి తిరిగి వచ్చి చూసింది. విరిగిన చేట, చక్రం కింద నలిగిన చీర. ఆమె కింద కూలబడిపోయింది. చేతులు చాచి ఆ చీరని లాగబోయి, లాగలేక, "బిడ్డ... బిడ్డ..." అని మాత్రం అంది.

కేక పెట్టిన బిడ్డ తల్లి, చిలకమ్మట పేరు, అవతలి అరుగు మీంచి పరుగెత్తుకొచ్చింది. ఆమె చంకలో బిడ్డ పాలు తాగుతున్నవాడు తాగుతున్నట్టే ఉన్నాడు. తల్లి పరుగెత్తినందుకు కాస్త విసుగ్గా చూశాడు.

"గుంటడు ఈడున్నాడు! పాలకని అప్పుడే తీసినాను. ఏటమ్మా, అంత సేటుంటే కనిపించనేదా? కళ్ళున్నాయా నేవా నీకు?" అని చిలకమ్మ తిట్టింది. తర్వాత ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తూ బిడ్డ తల పదేపదే తడిమింది. మిగతావాళ్ళు హైమావతికి నీళ్ళిచ్చారు. ఒక ముసలామె, "పోనీలేమ్మా, సేటకేటి, ఇంకోటి అల్లుకుంటాం," అంది. హైమావతి నీళ్ళు పట్టుకుని తాగడం మర్చిపోయింది.

అక్కడి నుంచి చాలా నెమ్మదిగా, ఊరు కనిపించనంత దూరం పోయి, ఏటి ఒడ్డున కారు ఆపింది. ఎండ వాలుతోంది. తర్వాత అలవాటు చేతుల్లో ఉంది కాబట్టి నన్ను దింపింది, గుడారం గుంజలు పాతింది. ఉలవ నుసి పడి కుడికన్ను ఎర్రబడి నీళ్ళు కారుతోంది. ఏటి నీళ్ళతో కడుక్కుంది, ఇంకా మండుతోంది. ఒడ్డున ఎవరో వదిలేసిన పొయ్యి ఉంది, వాలుతున్న ఎండ సరిగ్గా ఆ మసి రాళ్ళ మీద పడుతోంది. మనసు కుదుటపరచుకోవడానికి ఆమెకి తెలిసింది అదొక్కటే. కెమెరా తీసింది. కుడికన్ను తెరవలేక, ఎప్పుడూ లేనిది, ఎడమ కంటికి పెట్టుకుంది.

"మూత తీయలేదు," అని తనలో తను అనుకుని, చేత్తో లెన్సు తడిమింది. మూత లేదు. మళ్ళీ పెట్టుకుంది. లెన్సు తుడిచింది. కెమెరా తిప్పి ముందు నుంచి చూసింది. చివరికి కెమెరా ఒళ్ళో పెట్టుకుని, మంటపుట్టినా సరే కుడికన్ను కాస్త తెరిచి నన్ను చూసింది. అరచేత్తో ఆ కన్ను మూసింది. అలాగే మూసుకుని చాలాసేపు ఉంది. నన్ను చేత్తో తడిమి ఎడమకి జరిపింది, కుడికి జరిపింది. చెయ్యి తీసి, ఎదురుగా నేరుగా చూస్తూ నన్ను మెల్లగా ఎడమవైపుకి తోసుకుంటూ పోయింది. ఒక చోట నేను ఆమెకి మాయమైపోయాను. అది ఆమె మొహంలో తెలిసింది. నన్ను తెచ్చి మళ్ళీ ఆ చోటు దాటించింది. మళ్ళీ తెచ్చింది. పెద్ద దూరమేమీ కాదు అది. కింద కూర్చున్న మనిషి చెయ్యి చాస్తే అందేంత.

నన్ను వెలిగించింది. అగ్గిపుల్లలు చాలా పారేసింది. పంపు కొట్టింది, కొట్టింది, అవసరానికి మించి కొట్టింది. నా గొంతంతా ఎత్తి హోరెత్తాను. చుట్టూ ఏరూ కొండా తప్ప ఎవరూ లేరు, ఆ హోరు అక్కర్లేదు కూడా. కానీ ఆమెకి అది లేకుండా ఏడవడం చేతకాదు. ఏడుస్తూ ఏడుస్తూ ఒకచోట నవ్వింది. "ఆకు కనిపించలేదు," అంది. "నిజంగానే కనిపించలేదు. నేను పాపిష్టిదాన్ని కాదు." నవ్వు పూర్తికాకముందే మళ్ళీ ఆ చేట గుర్తొచ్చినట్టుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా మీద గిన్నె పెట్టలేదు. నా నూనె అయిపోయేదాకా ఊరికే మండాను.

మర్నాడు పొద్దున్న ఆమె మంచి నమ్మకంతో లేచినట్టు కనిపించింది. నమ్మకం కాదది, బేరం. తల బాగా ఎడమకి తిప్పుకుని నడిపితే చాలు అని నాతో గట్టిగా అంది. ఇన్నాళ్ళూ తెలియక జరిగింది, ఇప్పుడు తెలుసు కదా అంది. ఎవరికీ చెప్పక్కర్లేదు, ఏడాదికి ఈ కాసిని రోజులే కదా అంది. నన్ను సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. తల అటూ ఇటూ తిప్పుతూ, ఎద్దుబండి కన్నా నెమ్మదిగా నడిపింది. ఎడమకి చూసినప్పుడు కుడివైపు దారి పోయేది. కుడికి చూసినప్పుడు నేనూ నా వైపు లోకమూ పోయేవాళ్ళం. మెడ కండరాలు తాడులా బిగుసుకున్నాయి.

తిరుగుదారి జీడివలస మీంచే. రోడ్డు మీద కొత్తగా ఉలవ పరిచి ఉంది. "రా అమ్మా, తొక్కించు!" అని మళ్ళీ చేతులు ఊపారు. నిన్నటి తిట్లు వాళ్ళకి నిన్నటివే.

హైమావతి ఇంజను ఆపేసింది. దిగింది. "నేను తోలలేనమ్మా," అంది.

"నిన్న తిట్టినానని కోపమేటి?" అంది చిలకమ్మ, బిడ్డని ఎత్తుకుని దగ్గరికి వస్తూ. "పేణం అదిరిపోయి అన్నాను గాని, మనసులో ఏటీ నేదు."

"కోపం కాదు. నాకు ఇటువైపు కనిపించదు."

చిలకమ్మ నమ్మలేదు. బొట్టు పెట్టుకుని, చెప్పులేసుకుని, కారు తోలుకొచ్చిన మనిషికి కళ్ళు కనిపించవంటే ఎవరు నమ్ముతారు? చెయ్యి ఎత్తి హైమావతి ఎడమ చెంప పక్కన ఆడించి చూసింది. ఆమె రెప్ప కొట్టలేదు. చిలకమ్మ మొహం మారిపోయింది. బిడ్డని ఇంకో చంకకి మార్చుకుంది, కారుకి దూరంగా ఉన్న చంకకి. హైమావతి అది చూసింది. అది ఆమెకి కుడివైపే జరిగింది.

కారు చిలకమ్మ ఇంటి పక్క ఖాళీలో వదిలేసి, తాళం ఆమెకే ఇచ్చి, కెమెరా సంచీ భుజాన వేసుకుని, నన్ను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. కండక్టరు ముక్కు ఎగబీల్చి, "కిరసనాయిలు బస్సులో కుదరదమ్మా," అన్నాడు. "నిన్నే అంతా మండిపోయింది. ఖాళీది," అని నన్ను ఊపి చూపించింది. కిటికీ ఆమెకి ఎడమవైపు వచ్చింది. విజయనగరం దాకా దారంతా తల పూర్తిగా తిప్పి, దిష్టి తగిలేలా బయటికే చూసింది. ప్రతి చెట్టునీ, ప్రతి గుడిసెనీ. అంత ఆకలిగా చూసే కళ్ళని నేను కోర్టు ముందు టీ కొట్టులో కూడా చూడలేదు.

విశాఖపట్నంలో కళ్ళ డాక్టరు నీటికాసుల జబ్బన్నాడు. ఎడమ కన్ను దాదాపు పోయిందన్నాడు, కుడికన్ను అంచులు కూడా తినేసిందన్నాడు. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి జీవితాంతం చుక్కలు వేసుకోవాలి, నిలబడితే నిలబడుతుంది, చెప్పలేం అన్నాడు. ఇవన్నీ వాళ్ళు తిరిగొచ్చి చెప్పుకుంటుంటే హాల్లో ఒక మూల కూర్చుని విన్నాను. బస్సు దిగి వచ్చిన రోజున నన్ను తలుపు పక్కన దింపారు, మళ్ళీ అటకెక్కించడం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఆదివారం పైడమ్మ వచ్చి గోడకేసి చూడకుండా నేరుగా హైమావతి చెయ్యి పట్టుకుని భోరుమంది. "వీధంతా చెప్పాను కదే నీ గురించి. నా నోరు పడిపోను," అంది. హైమావతి, "ఊరుకోండి వదినా. నేనూ నమ్మాను," అంది.

ఏడుపులయ్యాక అందరూ ప్రేమగా ఆమె జీవితాన్ని పంచుకోవడం మొదలుపెట్టారు. పొద్దున్నే వచ్చి వంటంతా తనే చేస్తానంది పైడమ్మ. స్కూలుకి సెలవు పెట్టించేస్తానన్నాడు సత్యంనాయుడు, సాయంత్రం నడకకి చెయ్యి పట్టుకుని తనే తీసుకెళ్తానన్నాడు. ఈ ఏడు ట్రాన్స్‌ఫర్ అడగడం మానేస్తానంది లలిత. కెమెరా జాగ్రత్తగా బీరువాలో పెడతానంది. సెలవుల్లో ఎక్కడికైనా అందరం కలిసి టాక్సీ మాట్లాడుకుని వెళ్దామన్నారు, సింహాచలమో అన్నవరమో. ఒక్కరి మాటలోనూ తప్పు లేదు. ఒక్కొక్క మాటకీ హైమావతి కాస్త కాస్త చిన్నదైపోతున్నట్టు నాకు కనిపించింది. నూనె తగ్గుతున్నప్పుడు మంట కూడా అలాగే బర్నరు లోపలికి దిగిపోతుంది.

ఇప్పుడామెకి ఎవరినైనా చూడాలంటే తల తిప్పాలి. సత్యంనాయుడిని చూసింది. లలితని చూసింది. బాగా తిరిగి పైడమ్మని చూసింది.

"కారు అమ్మేయండి," అంది. "నేనింక నడపను."

"అదీ మాట!" అన్నాడు సత్యంనాయుడు ఊపిరి వదిలి. "ఆ మాట నీ నోటితోనే రావాలని చూస్తున్నాను."

"ఎండలు ముదరకముందే మళ్ళీ వెళ్తాను. బస్సులో," అంది హైమావతి. గొంతు పెంచలేదు. అన్నం వడ్డించమంటారా అని అడిగినట్టే అంది గానీ అది అడగడం కాదని అందరికీ అర్థమైంది. "ఒక్కదాన్నే వెళ్తాను. ఈ కన్నున్నన్నాళ్ళు వెళ్తాను. ఇదీ పోయాక మీరందరూ ఎలా చెబితే అలా వింటాను."